ఈ జినాన్ ఎవరిది?

(చెన్నైలో తెలుగువారి సభలో రేడియోధార్మికత కొలతల రంగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక శాస్త్రవేత్త చేసిన ప్రసంగం. శ్రోతల ప్రశ్నలను మధ్యలో అలాగే ఉంచాం.)

సభకు నమస్కారం.

అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ అణుశక్తి గురించి మాట్లాడతానని చెప్పారు. అంత పెద్ద విషయం జోలికి నేను పోను. మనం పీల్చే గాలిలో ఉన్నా లేనట్టే ఉండే జినాన్ అనే వాయువు గురించి, దాని బంధువులు రెండు మూడింటి గురించి చెప్పి సెలవు తీసుకుంటాను.

ఆ బంధువర్గంలో మొదటిది బయటపడిన కథలో మన ఊళ్ల పేర్లే ఉన్నాయి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా సాగింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ వచ్చి గుంటూరులో మకాం వేశాడు. ఇక్కడి మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. అదే అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్లారు. సూర్యుడి అంచున లేచే జ్వాలల వర్ణపటంలో ఆ రోజు ఒక పసుపుపచ్చ గీత కనిపించింది. సోడియం గీతే అయివుంటుందని చాలామంది సరిపెట్టుకున్నారు. కాదు, ఇది భూమి మీద మనకు ఇంకా దొరకని మూలకానిదని ఆ తర్వాత ఇంగ్లండులో లాకియర్ వాదించాడు. అదే హీలియం. భూమి మీద దాన్ని రామ్సే పట్టుకునేసరికి 1895 వచ్చింది. 1898లో ఆయనే ట్రావర్స్‌తో కలిసి ద్రవరూపంలోకి తెచ్చిన గాలిని మెల్లగా మరిగిస్తూ క్రిప్టాన్, నియాన్, జినాన్ మూడింటినీ వరుసగా బయటికి తీశాడు. అన్నట్టు, ఆ అబ్జర్వేటరీకి చెందిన 1792 నాటి రాతి స్తంభం నుంగంబాకంలో వాతావరణ కేంద్రం ఆవరణలో ఇంకా నిలబడే ఉంది. దాని మీద తెలుగు రాత కూడా ఉంది. ఊళ్లో ఇన్నేళ్లుగా ఉంటూ చూడనివారు ఎవరైనా ఉంటే ఒకసారి చూసి రండి.

ఇక విషయానికి వస్తాను. గాలిలో ఆర్గాన్ దాదాపు ఒక శాతం ఉంటుంది. జినాన్ అలా కాదు. ఒక ఘనపు మీటరు గాలిలో పదో వంతు మిల్లీలీటరు కూడా ఉండదు, 0.087 మిల్లీలీటర్లు. అది మామూలు జినాన్, రేడియోధార్మికత లేనిది. మనం వెతికేది అందులో కలిసి ఉండే మరో రకం, యురేనియమో ప్లుటోనియమో చీలినప్పుడు పుట్టే జినాన్. యురేనియం-235 పరమాణువులు 100 చీలితే ఆరేడు సార్లు జినాన్-133 దారిలోకి పోతాయి. దీని అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం విచ్ఛిన్నమైపోవడానికి పట్టే కాలం, ఐదుంపావు రోజులు. దీనికి తోడు జినాన్-135 ఉంది, తొమ్మిది గంటలకు సగం అయిపోతుంది. జినాన్-133ఎం రెండు రోజుల పైచిలుకు, జినాన్-131ఎం దాదాపు 12 రోజులు. ఇక్కడ ‘ఎం’ అంటే పరమాణు కేంద్రకం అదనపు శక్తితో ఉన్న రూపం. ఈ నలుగురినీ గుర్తుంచుకోండి, కథంతా వీరిదే.

భూమి లోపల అణుబాంబు పేల్చితే చుట్టూ రాయి కరిగి ముద్దవుతుంది. చీలిక ముక్కల్లో చాలావరకు ఆ ముద్దలోనే చిక్కుకుపోతాయి. జినాన్ ఎవరితోనూ కలవదు, దేనికీ అతుక్కోదు. రాతి పగుళ్లు పట్టుకుని పైకి వస్తుంది, వచ్చాక వానకు కడుక్కుపోదు. పైకి లాగే శక్తి ఎక్కడి నుంచి వస్తుందంటే వాతావరణ పీడనం నుంచి. అల్పపీడనం వచ్చినప్పుడు నేల లోపలి వాయువు పైకి పొంగుతుంది, పీడనం పెరిగినప్పుడు వెనక్కి తగ్గుతుంది. ఒక్కో విడతకు ఒక్కో మెట్టు ఎక్కుతుందన్నమాట.

ఇది ఊహ కాదు, పరీక్షించి చూశారు. 1993 సెప్టెంబరులో అమెరికావాళ్లు నెవాడాలో సుమారు 400 మీటర్ల లోతున మామూలు పేలుడు పదార్థాన్నే ఒక కిలోటన్ను స్థాయిలో, అంటే వెయ్యి టన్నుల టీఎన్‌టీకి సమానంగా, పేల్చారు. దానితోపాటు రెండు వాయువుల సీసాలు పెట్టారు. ఒకటి హీలియం-3, చాలా తేలిక. రెండోది సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్, మహా బరువు. ఏది ముందు పైకి వచ్చి ఉంటుంది?

(సభలో: హీలియం!)

అందరూ అదే అంటారు. బరువైనది 50 రోజుల్లో వచ్చింది. తేలికైన హీలియానికి 375 రోజులు పట్టింది. తేలిక వాయువు పగులు గోడల్లోని సన్నటి రంధ్రాల్లోకల్లా దూరి అక్కడే తచ్చాడుతుంది. బరువైనది అంత తొందరగా గోడల్లోకి ఇంకదు, పగులు వెంట తిన్నగా పైకి నడుస్తుంది. నాకు ఈ ప్రయోగమంటే మహా ఇష్టం. బల్ల దగ్గర కూర్చుని ఎంత తెలివిగా ఆలోచించినా తేలనిది నేలను అడిగితే తేలింది.

(ఒక శ్రోత: ఎక్కడ బాంబు పేలిందో భూకంప కేంద్రాలు నిమిషాల్లో చెప్పేస్తాయి కదండీ, మళ్లీ ఈ వాయువుల కోసం వెతుకులాట ఎందుకు?)

మంచి ప్రశ్న అడిగారు. భూకంప లేఖినికి పేలుడు సంగతి తెలుస్తుంది. అది అణు పేలుడో, వేల టన్నుల మామూలు మందుగుండో దానికి తెలియదు. నెవాడాలో చేసిందే చూడండి. అణువు చీలిందని సాక్ష్యం చెప్పగలిగేది చీలిక ముక్క ఒక్కటే. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా, భూమి లోపలి నిప్పుకు పొగ జినాన్.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ రహస్యంగా రియాక్టర్ నడుపుతున్నదేమో తెలుసుకోవడానికి జినాన్-133 కోసం వెతకమని అమెరికా భౌతికశాస్త్రవేత్త లూయిస్ ఆల్వారెజ్ సలహా ఇచ్చాడు. 1944లో విమానాలు జర్మనీ మీద ఎగిరి గాలిని పట్టాయి. ఏమీ దొరకలేదు. నిజంగానే అక్కడ నడుస్తున్న రియాక్టర్ లేదు. తర్వాత ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో క్రిప్టాన్-85 వంతు వచ్చింది. వాడిన ఇంధనాన్ని కరిగించి ప్లుటోనియం తీసే చోట అది బయటికి వస్తుంది. అర్ధాయువు పదిన్నరేళ్లకు పైనే కాబట్టి గాలిలో పేరుకుపోతుంది. దాని కథ వేరే రోజు.

1996 సెప్టెంబరు 24న సమగ్ర అణు పరీక్షల నిషేధ ఒప్పందం సంతకాలకు వచ్చింది. దాని కార్యాలయం వియన్నాలో ఉంది. ప్రపంచమంతటా 337 కేంద్రాలు ఉండాలని ఒప్పందంలో రాసుకున్నారు. భూకంప తరంగాలకు 170, చెవికి వినపడని ధ్వనికి 60, సముద్రంలోని శబ్దానికి 11, గాలిలోని రేడియోధార్మికతకు 80, పైన 16 ప్రయోగశాలలు. ఆ 80 కేంద్రాల్లో 40 చోట్ల జడ వాయువులను, అంటే దేనితోనూ కలవని ఈ జినాన్ బంధువర్గాన్ని, కొలిచే యంత్రాలు కూడా ఉండాలి. మన దేశం ఆ ఒప్పందం మీద సంతకం చేయలేదు, అందుచేత ఆ జాబితాలోని కేంద్రం మన దగ్గర ఒక్కటీ లేదు.

ఇప్పుడు యంత్రం లోపలికి తీసుకెళ్తాను. ఒక ఘనపు మీటరు గాలిలో ఒక మిల్లీబెకరెల్ జినాన్-133 ఉన్నా కనిపెట్టాలన్నది నియమం. ఒక మిల్లీబెకరెల్ అంటే దాదాపు 17 నిమిషాలకు ఒక్క పరమాణువు విచ్ఛిన్నం కావడం. లెక్క వేస్తే ఆ ఘనపు మీటరులో ఉండే జినాన్-133 పరమాణువులు 650 చిల్లర. వాటి చుట్టూ ఉండే మామూలు జినాన్ పరమాణువులు రెండు తర్వాత 18 సున్నాలు. ఇవాళ్టి మంచి యంత్రాలు ఇందులో ఐదో వంతును కూడా చూడగలుగుతున్నాయి.

స్వీడన్ వారి యంత్రాన్నే తీసుకుందాం, పేరు సౌనా. పన్నెండు గంటల పాటు పదిహేను ఘనపు మీటర్ల గాలిని పీలుస్తుంది. అందులోని జినాన్ అంతా చేతికి చిక్కినా ఏడు మిల్లీగ్రాములు. ఇదే యంత్రాన్ని మన చెన్నైలో పెట్టారనుకోండి. ఇక్కడి ఉక్కపోత గాలిలో ఘనపు మీటరుకు 20 గ్రాముల పైనే నీటి ఆవిరి ఉంటుంది. అంటే ఏడు మిల్లీగ్రాముల కోసం ముందు పావు లీటరుకు మించిన నీటిని బయటికి పంపాలి. తర్వాత కార్బన్ డయాక్సైడు, అది జినాన్‌కు దాదాపు ఐదు వేల రెట్లు. అదీ పోయాక మిగిలిన గాలిని యాక్టివేటెడ్ బొగ్గు గుండా పంపుతారు. బొగ్గు జినాన్‌ను పట్టుకుంటుంది, వేడి చేస్తే వదులుతుంది. ఒక గొట్టంలో పట్టి, వేడి చేసి, అంతకంటే చిన్న గొట్టంలోకి పంపి, మళ్లీ పట్టి, ఇలా గది నిండా ఉన్న గాలిని బొటనవేలంత పాత్రలోకి కుదిస్తారు.

ఇదంతా జరుగుతుండగా రేడాన్ అడ్డు తగులుతుంది. ఇదీ జడ వాయువే, రాళ్లలోని యురేనియం నుంచి పుడుతుంది. కడప దగ్గర తుమ్మలపల్లె యురేనియం గనిలోకి గాలి బాగా కొట్టాల్సి రావడానికి ఒక కారణం అదే. ఆరుబయట గాలిలో రేడాన్ ఘనపు మీటరుకు పది బెకరెళ్ల స్థాయిలో ఉంటుంది. మనం వెతుకుతున్నది ఒక మిల్లీబెకరెల్. పదివేల రెట్లు! అందుకని రేడాన్‌ను జినాన్ నుంచి విడదీసే మెట్టులో కాస్త ఏమరినా ఆ రోజు కొలత పనికిరాదు.

చివరికి ఆ చిన్న పాత్ర. పాత్ర గోడలే ఒక డిటెక్టరు, ప్రత్యేకమైన ప్లాస్టిక్‌తో చేసినవి. ఎలక్ట్రాన్ తగిలితే వెలుగు చిమ్ముతాయి. పాత్ర చుట్టూ సోడియం అయొడైడ్ స్ఫటికం ఉంటుంది, గామా కిరణాల కోసం. జినాన్-133 విచ్ఛిన్నమైనప్పుడు ఎలక్ట్రాన్, 81 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల గామా కిరణం ఒకేసారి వెలువడతాయి. రెండు డిటెక్టర్లూ ఒకే క్షణంలో పలికితేనే లెక్కలోకి తీసుకుంటారు. ఒక్కటి పలికితే వదిలేస్తారు. బయటి నుంచి వచ్చే కిరణాల గొడవ దీనితో చాలావరకు తీరిపోతుంది. అయితే ప్లాస్టిక్ గోడలతో ఒక చిక్కు ఉంది. జినాన్ కొద్దికొద్దిగా వాటిలోకి ఇంకుతుంది. నిన్నటి గాలి ఇవాళ్టి కొలతలో దెయ్యంలా మిగిలి ఉంటుంది. అందువల్ల ప్రతి కొలతకు ముందు ఖాళీ పాత్రను కూడా కొలిచి తీసివేస్తారు. గోడలకు అల్యూమినియం ఆక్సైడ్ పలచటి పూత పూస్తే ఈ బెడద బాగా తగ్గిందని తర్వాత తేలింది. కొలిచాక కూడా ఆ వాయువును పారేయరు. చిన్న సీసాలో భద్రపరుస్తారు, అనుమానం వస్తే వేరే ప్రయోగశాలకు పంపడానికి.

సరే, 2006 అక్టోబరు 9న ఉత్తర కొరియా తన మొదటి పరీక్ష చేసింది. చిన్న పేలుడు, కిలోటన్ను లోపే. రెండు వారాల తర్వాత 7,500 కిలోమీటర్ల దూరంలో ఉత్తర కెనడాలోని యెల్లోనైఫ్ కేంద్రం కాస్త ఎక్కువ జినాన్-133ను చూసింది. వెంటనే తప్పెట్లు కొట్టలేదు. కెనడాలోనే చాక్ రివర్ అనే చోట అప్పట్లో జినాన్ వదిలే కేంద్రం ఉండేది. ముందు దాని సంగతి తేల్చాలి. ఆ రోజుల గాలులను వెనక్కి నడిపించి చూశారు. చాక్ రివర్ నుంచి వచ్చేది ఈ కొలతకు సరిపోదని, కొరియా వైపు నుంచి వచ్చిన గాలి లెక్క సరిపోతుందని తేలాకే నోరు విప్పారు. 2009లో రెండో పరీక్ష జరిగినప్పుడు, పేలుడు జరిపిన కొండ గట్టిగా మూసుకుంది. ఎక్కడా ఏమీ చిక్కలేదు. 2013 ఫిబ్రవరి 12న మూడోది. ఇక దొరకదనుకున్నాక, 55 రోజులు గడిచాక, ఏప్రిల్‌లో జపాన్‌లోని తకసాకీ కేంద్రానికి జినాన్-133, జినాన్-131ఎం రెండూ దొరికాయి. 55 రోజుల్లో మొదటిది వెయ్యి వంతుల్లో ఒక వంతుకన్నా తక్కువకు తగ్గిపోతుంది, రెండోది ఇరవై అయిదో వంతు దాకా మిగులుతుంది. ఆ రెండింటి నిష్పత్తిని బట్టి చీలిక ఎప్పుడు జరిగి ఉంటుందో లెక్కకట్టారు. తేదీ సరిపోయింది.

ఇక్కడి నుంచి నా అసలు మాట మొదలవుతుంది. 650 పరమాణువులను పట్టుకోవడం ఇవాళ ఇంజినీర్లకు అలవాటైపోయింది. అవి ఎవరివో చెప్పడం దగ్గరే తల బద్దలవుతోంది. అపార్ట్‌మెంటు మెట్ల మీద నిలబడితే ఇంగువ పోపు వాసన వస్తుంది. పది ఇళ్లలో ఎవరి వంటింటిదో చెప్పాలంటే గాలి ఎటు వీస్తోందో తెలియాలి, ఎవరింట్లో రోజూ ఏ వేళకు పోపు పెడతారో కూడా తెలియాలి. ఈ రెండో సమాచారమే మన దగ్గర లేదు.

జినాన్‌ను ఎక్కువగా వదిలేది విద్యుత్ రియాక్టర్లని అనుకుంటాం. ఒక రియాక్టర్ సుమారుగా రోజుకు వంద కోట్ల బెకరెళ్ల స్థాయిలో వదులుతుంది. వైద్య ఐసోటోపులు, అంటే ఆసుపత్రుల్లో వాడే రేడియోధార్మిక పదార్థాలు, తయారుచేసే కర్మాగారాల్లో కొన్ని లక్ష కోట్ల బెకరెళ్ల స్థాయిలో, అంతకు మించి కూడా వదిలాయి. వెయ్యి రెట్లు! ఈ సభలో గుండెకో ఎముకలకో స్కాన్ చేయించుకున్నవారు ఉండే ఉంటారు. సూదితో ఎక్కించేది టెక్నీషియం-99ఎం. దాని అర్ధాయువు ఆరు గంటలే కాబట్టి నిల్వ పెట్టడానికి లేదు. మాలిబ్డినం-99 నుంచి ఆసుపత్రిలోనే పిండుకోవాలి. ఆ మాలిబ్డినాన్ని పెద్ద ఎత్తున తయారుచేసేది యురేనియాన్ని చీల్చే. వంద చీలికలకు ఆరు మాలిబ్డినం వస్తే ఆరేడు జినాన్-133 వచ్చి తీరుతుంది. మందు తీసుకుని జినాన్ వద్దంటే కుదరదు. కెనడాలో 2016 దాకా మాలిబ్డినం తయారుచేసిన చాక్ రివర్, బెల్జియంలో ఫ్లూరస్, దక్షిణాఫ్రికాలో పెలిండాబా, ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర లూకాస్ హైట్స్, ఇవన్నీ ఇలా పేరుపడ్డ చోట్లే.

విద్యుత్ రియాక్టర్‌లో ఇంధనం నెలల తరబడి మగ్గుతుంది. అందువల్ల నలుగురు జినాన్‌ల నిష్పత్తి బాంబు నిష్పత్తికి దూరంగా ఉంటుంది. రియాక్టర్‌ను బాంబు నుంచి విడదీయడం కొంత సులువు. మాలిబ్డినం కోసం యురేనియాన్ని కొద్ది రోజులే ఉంచి వెంటనే కరిగిస్తారు. అప్పుడు వచ్చే జినాన్ నిష్పత్తి బాంబుకు దగ్గరగా ఉంటుంది. రోగికి ప్రాణం పోసే పని, ప్రాణం తీసే పని గాలిలో ఒకే సంతకం పెడుతున్నాయన్నమాట. 2009 నుంచి ఈ తయారీదారులూ, కొలిచేవారూ ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటున్నారు. పరిష్కారం తెలియనిదేమీ కాదు. జినాన్‌ను బొగ్గు పడకల్లో కొన్ని వారాలు ఆపితే చాలు. 40 రోజులు ఆపితే జినాన్-133 రెండు వందల వంతుల్లో ఒక వంతే మిగులుతుంది. పడక పెద్దది కావాలి, డబ్బు కావాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గరే పేచీ. నా మట్టుకు నాకు, వదిలేవాళ్లే పెట్టుకోవాలి.

2011 మార్చిలో ఫుకుషిమా ప్రమాదం జరిగినప్పుడు ఉత్తరార్ధగోళంలోని కేంద్రాలు వారాల తరబడి దాని జినాన్‌నే చూస్తూ కూర్చున్నాయి. ఆ రోజుల్లో ఎవరైనా చిన్న పరీక్ష చేసి ఉంటే కనిపెట్టడం కష్టమే.

(ఒక శ్రోత: మన కల్పాక్కం సంగతి ఏమిటి సార్? ఇక్కడికి డెబ్భై కిలోమీటర్లే కదా.)

అడుగుతారనుకున్నాను. కల్పాక్కంలో 220 మెగావాట్ల రియాక్టర్లు రెండు 1980ల నుంచి ఉన్నాయి. పాత నమూనా. రియాక్టర్ పాత్ర చుట్టూ ఉన్న గదిలో గాలి ఉంటుంది. తర్వాత కట్టిన రియాక్టర్లలో అక్కడ నీరు నింపారు. గాలిలోని మామూలు ఆర్గాన్‌కు న్యూట్రాన్లు తగిలితే ఆర్గాన్-41 అవుతుంది, పొడవాటి గొట్టం గుండా బయటికి పోతుంది. దాని అర్ధాయువు 110 నిమిషాల లోపే. పది గంటలు గడిస్తే నలభైలో ఒక వంతు కన్నా తక్కువే మిగులుతుంది. చెన్నైలో మీకు దానితో పనిలేదు. ఆవరణ దగ్గర కూడా దాని వల్ల వచ్చే రేడియేషన్ మోతాదు అనుమతించిన పరిమితిలో చిన్న భాగమే.

నాకు దానిలో ఆసక్తి వేరే ఉంది. ఆర్గాన్-41 రోజూ వస్తుంది, ఎక్కడి నుంచి వస్తుందో తెలుసు. కాబట్టి గాలి నడకను పరీక్షించడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. ఎండ ముదిరేవేళకు సముద్రపు గాలి తిరగడం మీ అందరికీ తెలిసిందే. ఆ గాలి నేల మీదికి వచ్చి వేడెక్కుతుంటే అడుగున ఒక పొర కలతపడుతుంది, లోపలికి వెళ్లేకొద్దీ ఆ పొర ఎత్తు పెరుగుతుంది. గొట్టం నుంచి పైన తిన్నగా సాగుతున్న వాయువు ఆ పొరను తాకగానే ఒక్కసారి నేల మీదికి దిగుతుంది. గొట్టం దగ్గర కొలిస్తే తక్కువ, కాస్త లోపలికి వెళ్లి కొలిస్తే ఎక్కువ! ఇది పట్టించుకోని కంప్యూటర్ లెక్క మన తీరానికి పనికిరాదు. వేరే దేశం గాలుల మీద సరిచూసిన లెక్కను తెచ్చి ఇక్కడ అతికించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

(మరో శ్రోత: సంతకమే చేయలేదన్నారు. మరి మనకెందుకండీ ఈ జినాన్ గొడవ?)

సంతకం పెట్టాలా వద్దా అన్నది ప్రభుత్వాలు చూసుకునే విషయం, దానిలో నేను వేలు పెట్టను. గాలి లెక్క అలాంటిది కాదు. దక్షిణాదిన కల్పాక్కం ఉంది, కూడంకుళం ఉంది, కైగా ఉంది. రేపు హిందూ మహాసముద్రంలో ఎవరి యంత్రానికో జినాన్ దొరికిందనుకోండి. అది మనది కాదని చెప్పడానికైనా, మనదేనని ఒప్పుకోవడానికైనా, మన గొట్టాల నుంచి ఏ రోజు ఏ గంటకు ఎంత వెళ్లిందో రాసి ఉన్న కాగితం మన చేతిలో ఉండాలి. ఏడాది మొత్తానికి ఒక్క అంకె చూపిస్తే చాలదు. గాలి రెండు గంటలకోసారి దిక్కు మార్చుకుంటుంది. ఆ గంటల లెక్కను అందరూ చూసేచోట పెట్టాలంటాను. పెడితే భయపడతారని కొందరు మిత్రులు అంటారు. పెట్టకపోతేనే భయపడతారని నా వాదన.

దానితోపాటు ఒక యంత్రం తీరంలో చెన్నైలోనో విశాఖపట్నంలోనో, ఇంకొకటి సముద్రానికి దూరంగా బెంగళూరులోనో పెట్టాలి. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ చూసేలా కనీసం ఏడాది ఆపకుండా నడపాలి. జూన్‌లో గాలి అరేబియా సముద్రం మీదుగా వస్తుంది, నవంబరులో బంగాళాఖాతం మీదుగా వస్తుంది. రెండు కాలాల జినాన్ ఒకటే అయివుంటుందని నేను అనుకోను. యంత్రం ఖరీదు తక్కువేమీ కాదు, నడపడానికి రాత్రింబగళ్లు మనుషులు కావాలి, మన కరెంటు కోతలకు తట్టుకునేలా జనరేటర్ కావాలి. భౌతికశాస్త్రం చదువుతున్న పిల్లలు ముందు వరుసలో కూర్చున్నారు. ఆ ఏడాది కొలతలు చేయడానికి మీలో ఎవరైనా సిద్ధమైతే సభ అయ్యాక నా దగ్గరికి రండి, ఎవరికి ఉత్తరం రాయాలో చెప్తాను.